ఒకటో నెంబరు చీటీ

మా బావ గేదెల అప్పలసూరి నీతిమంతుడని మా తాలూకాలో ఇప్పటికీ చెప్పుకుంటారు. చెప్పుకోనివ్వండి. నేను ఆయన పెళ్లాం తోడబుట్టినవాణ్ణి, ఆయన వెంట ఊరూరా తిరిగినవాణ్ణి. నాకు తెలిసిన సంగతి వేరు. ఆయనకి ఉన్నదల్లా ఒక జబ్బు. రాసిన లెక్క ఎదట టిక్కు పడకపోతే ముద్ద దిగదు. దాన్నే జనం నీతి అనుకున్నారు, ఓట్లు వేశారు.

పెదమామిడివలసలో జగన్నాధం షావుకారి గోగునార కొట్లో బావ ఇరవై రెండేళ్లు గుమస్తా. మనిషి అయిదడుగులకి కొంచెం తక్కువ. చెవి వెనక పెన్సిలు, చంకలో గొడుగు. ఆ కొట్టుకి ఒక పద్ధతి ఉండేది. రైతు నార కట్టలు తెచ్చి కాటా వేయిస్తాడు. గజపతినగరం నుంచి ధర తేలి కబురు రావడానికి వారం పడుతుంది. అందాకా రైతు చేతిలో ఒక చీటీ పెడతారు. దాని మీద నెంబరు, తూకం, కింద బావ మెలికల సంతకం. పుస్తకంలో మిగిలే సగం కాగితం మీద అదే నకలు. డబ్బుకి రైతే రానక్కర్లేదు. అల్లుడు రావచ్చు, పొరుగువాడు రావచ్చు. చీటీ ఎవరు తెస్తే సరుకు వాళ్లది, అది షావుకారు పెట్టిన రూలు. డబ్బు చెల్లగానే ఆ చీటీని బల్ల మీది ఇనప చువ్వకి గుచ్చేస్తారు.

ఉగాదికి పాత పుస్తకం మూసేటప్పుడు నెంబర్లన్నీ చువ్వ మీద ఉండాలి. ఏదైనా లేకపోతే పుస్తకంలో దాని ఎదట ఎర్రసిరాతో ‘చెల్లలేదు’ అని రాయాలి. ఇరవై రెండు ఉగాదుల్లో మా బావ ఎర్రసిరా బుడ్డి మూత తీసిన పాపాన పోలేదు. అదే ఆయన గొప్ప. పొలం లేదు, మేడ లేదు, పిల్లలు కూడా లేరు. ఆ మూత తియ్యని సిరాబుడ్డి ఒక్కటే ఆయన ఆస్తి.

మధ్యాహ్నం ఒంటిగంటకి కొట్టు తలుపులు దగ్గరికి వేసి ఇంటికొచ్చి అన్నం తినేవాడు. మా అక్క నారాయణమ్మ విస్తరి ఎదట కూచునేది. పొద్దున ఆవిడకి గొడ్లూ, గడ్డీ. సాయంత్రం ఆయనకి లెక్కలు. ఇద్దరూ మాట్లాడుకునేది ఆ గంటే. కొట్లో ఎవరు ఎవర్ని ఏమని తిట్టారో ఆయన నోట్లో ముద్దతోనే చెప్పేవాడు, ఆవిడ పగలబడి నవ్వేది. నేను పనిచేసే బడి వాళ్ల ఇంటి వెనకే. ఆ నవ్వు వినపడితే ఒంటిగంట దాటిందని పిల్లలకి తెలిసిపోయేది.

అరవై ఏడులో ఎన్నికలొచ్చాయి. పోటీలో ఉన్న ఇద్దరు పెద్దమనుషులూ మా షావుకారి మాట వినే రకం కాదు. ఆయనకేమో చెప్పినచోట సంతకం పెట్టే ఎమ్మెల్యే కావాలి. తను నిలబడితే డిపాజిట్టు కూడా దక్కదని ఆయనకి తెలుసు. తాలూకాలో సగంమంది ఆయనకి బాకీ ఉన్నవాళ్లే మరి. అందుకని గుమస్తాని పిలిచాడు.

“ఒరే సూరీ, నువ్వు ఇండిపెండెంటుగా నామినేషను వెయ్యాలిరా.”

“జీతమెంత బాబూ?” అని అడిగాడు మా బావ.

గుర్తు సింహం వచ్చింది. గోడల మీద సింహం పక్కన మా బావ బొమ్మ వేశారు. చూసినవాళ్లు అది ఈయన్ని ఎక్కడ తినేస్తుందో అని జాలిపడ్డారు. కొన్ని ఓట్లు ఆ జాలి వల్లే వచ్చాయని నా నమ్మకం.

నామినేషను వేసేరోజు పొద్దున బావ కొత్త చీటీల పుస్తకం ఒకటి తెచ్చి దేవుడి దగ్గర పెట్టాడు. కొట్టు ఆచారం ప్రకారం మొదటి కాగితానికి పసుపు రాసి, కుంకుమ పెట్టి, దాని మీద బెల్లం ముక్క ఉంచాడు.

“ఇదెందుకు బావా?” అన్నాను.

“ఊరెల్తే జనం ఏదోటి అడుగుతారు గదరా రంగా. అడిగింది రాసుకోవాల. రాసుకుంటే సీటీ ఇవ్వాల. ఇవ్వకపోతే ఏటి నెక్క అది?”

మా అక్క పక్కనే నిలబడి వింటోంది. “మావా, నానూ ఓటర్నే. ముందు నాకు రాయి,” అంది.

“నీకేటి కావాల?”

“గెలిసినా ఓడినా మద్దేన్నం కూడు ఇంటికాడే తినాల.”

బావ నవ్వి బెల్లం ముక్క పక్కకి తీసి రాశాడు. కొట్టు భాషలోనే రాశాడు. ‘నెంబరు 1. మధ్యాహ్న భోజనము ప్రతిదినము గృహమునందే చేయబడును. గే. అప్పలసూరి.’ చింపి ఇచ్చాడు. మా అక్క దాన్ని మడిచి కుంకుమ భరిణెలో పెట్టుకుంది. దీనికి నేను సాక్షిని. ఈ సంగతి మీరు గుర్తుపెట్టుకోండి. మా బావ మాత్రం పెట్టుకోలేదు.

రెండో నెంబరు మొదటి ఊళ్లో ఎల్లాజీ అనే రైతుకి ఇచ్చాడు. వాళ్ల వీధికి నుయ్యి కావాలిట. ఎల్లాజీ ఆ చీటీని ఇటు తిప్పి, అటు తిప్పి చూశాడు.

“ఇదేటి బాబూ?”

“నీ నుయ్యి. పనైపోనాక ఎనక్కి తెచ్చియ్యి. సువ్వకి గుచ్చాల.”

ఓట్లడగడానికి వచ్చినవాళ్లు దణ్ణాలు పెట్టడం, పిల్లల ముక్కులు తుడవడం మా జనానికి అలవాటే. సంతకం పెట్టి కాగితం చేతికిచ్చినవాణ్ణి వాళ్లు పుట్టి బుద్ధెరిగాక చూడలేదు. సాయంత్రానికి అయిదూళ్లకి పాకింది. మర్నాటి నుంచి మేం ఊళ్లోకి వెళ్లేసరికి జనం కాటా దగ్గర నిలబడ్డట్టు వరసలో నిలబడి ఉండేవారు. నుయ్యి, బడి, తపాలా డబ్బా, మంత్రసాని, బస్సు ఆగే చోటు, ఏది అడిగితే అది రాశాడు. దాలయ్య అనే బ్రహ్మచారి కల్లు దుకాణం దగ్గర నిలబడి “నాకు పెల్లి సెయ్యి” అన్నాడు. వాడు తాగి అడిగాడు. మా బావ తాగకుండానే రాశాడు. నెంబరు డెబ్బై ఏడు.

“బావా, ఇది గోగునార కాదు. ఇయన్నీ ఎక్కడ తెస్తావు?” అని నేను మొత్తుకున్నాను.

“సంతకం సంతకమేరా. నారకో రకం, నూతికో రకం ఉంటాదేటి?”

పోలింగు నాటికి పుస్తకంలో నూట నలభై మూడు నెంబర్లు పడ్డాయి. నూతులకి టైము పడుతుంది కనక ఈ పుస్తకం అరవై తొమ్మిది ఉగాదికి మూస్తానన్నాడు బావ. మూడువేల పైచిలుకు ఓట్లతో సింహం గెలిచింది.

గెలిచిన మూడో రోజు పొద్దున తలుపు తీస్తే గుమ్మం నుంచి రోడ్డు దాకా వరస. అందరి చేతుల్లోనూ చీటీలే. బావ బల్ల వేయించుకుని, చువ్వ పెట్టుకుని, కూచున్నాడు. మొహం వెలిగిపోతోంది. కొట్లో కూచున్నట్టే ఉంది ఆయనకి.

ఆ తరవాత రెండేళ్లు ఆయన చేసిన హంగామా తలుచుకుంటే నాకు నవ్వూ వస్తుంది, ఒళ్లూ మండుతుంది. హైదరాబాదులో అసెంబ్లీలో ఒక మంత్రి “గౌరవ సభ్యుని కోరిక పరిశీలిస్తాం” అన్నాడట. మా బావ లేచి, “ఏ తేదీకి? నెంబరు వేసి చీటీ ఇప్పించండి,” అన్నాడట. సభంతా నవ్వింది. ఈయన మాత్రం చీటీ కోసం చెయ్యి చాపుకుని నిలబడే ఉన్నాడట. ఆ మంత్రి తరవాత ఈ మనిషిని వరండాలో చూస్తే పక్క గదిలోకి తప్పుకునేవాడని విన్నాను. తప్పుకున్నా లాభం లేకపోయింది. తలుపు దగ్గర గొడుగు కనపడేది. పీడ వదిలితే చాలునని ఆఫీసర్లే నూతులు మంజూరు చేసేశారు.

దాలయ్య పెళ్లి కోసం రామతీర్థం పక్క ఊళ్లో సంబంధం చూడ్డానికి వెళ్లాం. ఎమ్మెల్యేగారు పెళ్లిచూపులకి వస్తున్నారని కబురెళ్లింది. పెళ్లికొడుకు ఆయనేననుకుని ఆ పిల్ల తండ్రి తలుపు గడియ పెట్టుకున్నాడు. కిటికీలోంచి గంటసేపు నచ్చచెప్పాల్సొచ్చింది. ఆ సంబంధం తప్పిపోయింది, తరవాతదీ తప్పిపోయింది, మూడోది కుదిరింది. దాలయ్య పసుపు బట్టలతోనే వచ్చి చీటీ ఇచ్చాడు. బావ దాన్ని చువ్వకి గుచ్చి తృప్తిగా చేతులు దులుపుకున్నాడు.

మరి మధ్యాహ్నం అన్నం? ఓసారి బొబ్బిలి స్టేషనులో పూరీలు, ఓసారి జీపులో అరటిపళ్లు, ఓసారి ఎవరింట్లోనో విందు. మా అక్క రోజూ ఒంటిగంటకి అన్నం వండి మూత పెట్టేది. మూడు దాకా చూసి ఒక్కర్తీ తినేది. మా బడికి ఆ నవ్వు వినపడ్డం మానేసింది. పిల్లలకి టైము తెలియక నేను ఇనప గంట కొనాల్సొచ్చింది. నాకు కోపం వచ్చి ఓరోజు, “బావకి సెప్పీనా?” అన్నాను.

“సెప్పకు. ఒట్టు. సీటీ నాది, నానే అడుగుతాను,” అంది మా అక్క.

అరవై ఎనిమిది చివరికి నూట నాలుగు చీటీలు చువ్వ ఎక్కాయి. మిగిలినవి రావడం హఠాత్తుగా ఆగిపోయింది. విచారిస్తే తెలిసింది. షావుకారు మనుషుల్ని పంపి ఊళ్లల్లో చీటీలు కొనిపిస్తున్నాడు. నుయ్యి చీటీ రెండు రూపాయలు, బడి చీటీ మూడు. గెలిచినప్పటినుంచి మా బావ తన మాట వినడం లేదని షావుకారికి కడుపుమంట. పశువులు మేసే బంజరులో రైసు మిల్లు కట్టుకోవడానికి సంతకం అడిగితే, “నా పుస్తకంలో ఆ నెంబరు నేదు బాబూ,” అన్నాడట ఈయన. ముప్ఫై ఎనిమిది చీటీలు గుప్పిట్లో పెట్టుకుని షావుకారు కబురు చేశాడు. మిల్లుకి సంతకం పెడితే చీటీలు ఇచ్చేస్తాడు. లేకపోతే ఉగాది దాకా పెట్టెలోంచి తియ్యడు. అప్పుడు పుస్తకంలో ముప్ఫై ఎనిమిది చోట్ల ఎర్రసిరా.

బావ మొహం పాలిపోయింది. రెండు రోజులు పుస్తకం ముందేసుకుని లెక్కలు వేశాడు. మూడో రోజు పొద్దున్నే ఓవర్సీరునీ, కొలత గొలుసు పట్టుకునే మనుషుల్నీ వెంటబెట్టుకుని తిన్నగా షావుకారి ఇంటికి నడిచాడు. వెనక నేనూ, నా వెనక సగం ఊరూ.

“ఏమిట్రా సూరీ ఇదీ?” షావుకారు అరుగు మీదినుంచి లేచాడు.

“కొలతలు బాబూ. సీటీ ఎవరు తెస్తే సరుకు వారిదే గదా. ముప్పై ఎనిమిది తమరి కాడ ఉన్నాయి. నూతులు పదకొండు. పెరట్లో తొమ్మిది పడతాయి, రొండు వంటింట్లో తవ్వాల. బడులు రొండు మేడ మీద ఎట్టిద్దాం. పసువుల ఆస్పత్రి ఈ అరుగు మీద.” బావ పుస్తకం చూస్తూ చదువుతున్నాడు. మొహంలో వెటకారం ఇసుమంతైనా లేదు. నిజంగానే ఆ సంగతి అలాగే తేల్చాలని లెక్క వేసుకుని వచ్చాడు. “తొంబై ఆరో నెంబరు దేముడమ్మది. స్మశానానికి రోడ్డు. అది ముందు మొదలెడతాం. ఇదిగో ఓవర్సీరుగారూ, వీది కాణ్ణించి ఈ గుమ్మంలోకి, ఇక్కణ్ణించి దేముడి గదిదాకా.”

గొలుసు గుమ్మం దాటింది. లోపల్నుంచి షావుకారి భార్య పద్మకుమారమ్మగారు వేసిన కేక నేను ఈ జన్మలో మరిచిపోను. ఆవిడ మామగారు పోయి ఏడాదైనా కాలేదు. శ్మశానం రోడ్డు తమ గుమ్మంలోకి వస్తోందని విన్నాక ఆ ఇల్లాలు మొగుణ్ణి ఏమందో అచ్చులో పెట్టకూడదు.

ఆ మధ్యాహ్నమే షావుకారు బండి కట్టించుకుని ఊరూరా తిరిగి చీటీలు ఎవరివి వాళ్లకి ఇవ్వబోయాడు. అయితే ఊరికే తీసుకునేంత అమాయకులా మా వాళ్లు?

“అమ్మీసినాను గదా బాబూ,” అంది దేముడమ్మ వక్క నములుతూ. “ఎనక్కి తీసుకోవాలంటే మూడు రూపాయలౌద్ది.”

రూపాయిన్నరకి అమ్మిన చీటీని మూడు రూపాయలు పుచ్చుకుని వెనక్కి తీసుకుంది ఆ మహాతల్లి. మిగతా ఊళ్లవాళ్లు ఆవిడ ధరనే ఖాయం చేశారు. మొత్తానికి మాఘమాసం దాటేసరికి, అప్పటికే మంజూరై ఉన్న ఆ పనులూ అయ్యాయి, చీటీలూ చువ్వ ఎక్కాయి. శ్మశానం రోడ్డు శ్మశానానికే వేశారు.

అప్పుడు వచ్చింది అసలు చిక్కు. ఉగాది వారం రోజుల్లోకి వచ్చింది. బావ చువ్వ దించి లెక్క చూశాడు. నూట నలభై రెండు. ఒకటి తక్కువ. నెంబరు ఒకటి. అది ఎవరిదో పుస్తకంలో చూద్దామంటే ఆ నకలు కాగితం లేదు. పూజనాడు బెల్లం అంటిన చోటు కదా, ఎలుక శుభ్రంగా తినేసింది. మూలన ఇంత పసుపు మరక మిగిలింది, అంతే.

సరిగ్గా అప్పుడే పట్నం నుంచి పార్టీవాళ్లు జీపులో వచ్చారు. ఈ పిచ్చి మనిషికి జనంలో పేరు వచ్చింది కదా, తమలో కలిస్తే ఉపమంత్రి పదవి ఇస్తామన్నారు.

“ఒక సీటీ ఉండిపోనాది. అది సెల్లాక వస్తాను,” అన్నాడు బావ.

పార్టీవాళ్లు ఊరూరా దండోరా వేయించారు, ఒకటో నెంబరు చీటీ ఉన్నవాళ్లు వెంటనే రావాలని. వచ్చారు. ఒకటో నెంబరు చీటీతో ముప్ఫై మంది వచ్చారు. ఒకడు దాని మీద ‘రెండు ఎడ్లు’ అని రాసుకొచ్చాడు. ఇంకొకడు ‘రంగూను టేకు మంచం’ అని రాసుకొచ్చాడు. సంతకం మెలిక చూసి బావ ఒక్కొక్కర్నీ వెనక్కి పంపేశాడు. గొడుగు పట్టుకుని మళ్లీ ఊళ్లన్నీ తిరిగాడు. “నానేటి రాసినాను? ఎవరికి రాసినాను?” అని కనపడ్డవాణ్ణల్లా అడిగాడు. ఎల్లాజీని అడిగాడు, దాలయ్యని అడిగాడు, దాలయ్య కొత్త పెళ్లాన్నీ అడిగాడు. నన్ను కూడా అడిగాడు. ఒట్టు ఉంది కాబట్టి నోరు మూసుకున్నాను. అక్కని మాత్రం అడగలేదు. ఇంట్లో మనిషిని అడగాలని ఆయనకి తోచనే లేదు.

ఉగాది నాడు పుస్తకం ఇంట్లో దేవుడి దగ్గరే మూయాలి. అందుకని ఆ ఒక్కరోజు మధ్యాహ్నం బావ ఇంట్లో ఉన్నాడు. వాకిట్లో పార్టీ జీపు సిద్ధంగా ఉంది. బావ పీట మీద కూచుని పుస్తకం విప్పాడు. ఎర్రసిరా బుడ్డి తెచ్చుకున్నాడు. ఇరవై నాలుగేళ్లుగా బిగుసుకుపోయిన మూత రాలేదు. నన్ను తియ్యమన్నాడు. నేను తీసి ఇచ్చాను. ఆయన కళ్లల్లో నీళ్లు నేను చూశాను.

“అలా ఉంచు. ముందు కూడు తిను మావా,” అంది మా అక్క విస్తరి వేసి.

“ఎలా దిగుద్దే? సంతకం ఎట్టి సెల్లించనేకపోనాను.”

మా అక్క లోపలికి వెళ్లి కుంకుమ భరిణె తెచ్చింది. చీటీ తీసి మడత విప్పి విస్తరి పక్కన పెట్టింది. బావ చదివాడు. మళ్లీ చదివాడు.

“రెండేళ్ల నుంచీ నీకాడే ఉన్నాదా? మరి అడగనేదేటే?”

“అడుగుదామనే పొద్దున్న పొద్దున్న గుమ్మం కాడికి వచ్చీదాన్ని. నా ముందు నూట నలబై రొండు మంది వరసలో ఉండీవోరు. నా వంతు రావాల గదా.”

నేను గోడ వైపు తిరిగాను. మా బావ నెమ్మదిగా అన్నం కలుపుకుని నాలుగు ముద్దలు తిన్నాడు. తరవాత అలవాటు కొద్దీ ఎడంచేత్తో చీటీ తీసి చువ్వ వైపు చెయ్యి చాపాడు. మా అక్క చటుక్కున లాక్కుంది.

“ఒక్క పూట తింటే సెల్లిపోతాదేటి? ప్రతిదినం అని నీ సేత్తోనే రాసినావు.”

బావ ఆలోచించాడు. లెక్క ప్రకారం ఆవిడ మాటే కరెక్టు. సిరాబుడ్డి మూత పెట్టి గట్టిగా బిగించాడు. వాకిట్లో పార్టీవాళ్లు తొంగిచూసి, “చీటీ దొరికిందాండీ? ఇక బయల్దేరదామా?” అన్నారు.

“దొరికింది. ఇది రోజూ సెల్లించీ సీటీ. మంత్రి పనికి మరోర్ని సూసుకోండి,” అన్నాడు బావ పులుసు పోసుకుంటూ.

ఆ తరవాత కొట్లో జరిగిందో, అసెంబ్లీలో జరిగిందో, ఆయన ఏదో చెప్పాడు. ఏం చెప్పాడో నాకు సరిగా వినపడలేదు. మా అక్క నవ్వింది. వాకిట్లో జీపు మనుషులు ఉలిక్కిపడ్డారు. నేను గడియారం వైపు చూశాను. ఒంటిగంట దాటి పది నిమిషాలైంది.